కదిపినవారు, కుట్టించుకొన్నవారు

తెలుగు నుడికారమున "తేనెతుట్టెను కదిపినట్లు" అను మాట ఒకటి కలదు. "కందిరీగల గూటిలో చేయి పెట్టినట్లు" అనియు అందురు. రెండింటిలోను ఒక తీర్పు ఇమిడియున్నది. లోకము ఈగను దోషిగా నిలుపలేదు. కదిపిన చేతినే దోషిగా నిలిపినది. ఇంటి జోలికి వచ్చినవానిని ఇంటివారు తరుముట సహజమని పల్లెవాసులు ఏ శాస్త్రమును చదువకయే గ్రహించిరి. అయితే ఆ మాట ఒక సంగతిని ఆలోచింపలేదు. కదుపుమని చెప్పినవాడు ఒకడు, కదిపినవాడు వేరొకడు అయినపుడు దోషమెవరిది? బాధ యెవరిది? బీడుపడిన నేలను బాగుచేయించు ప్రతి రైతు ఎదుటను ఈ ప్రశ్న నిలుచును. చూచుటకు ఇది చిన్న ప్రశ్నయే. కాని దయ యనగానేమి, పని చేయించుట యనగానేమి అను పెద్ద ప్రశ్నలు దీనిలోనే ఉన్నవి.

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానములు పత్తికిని మిరపకును పేరుగన్నవి. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు, అద్దంకి ప్రాంతములలో ఏరువాకకు ముందు, వైశాఖ జ్యేష్ఠ మాసముల యెండలలో, చేల గట్లను, బీళ్లను, వాగుల ఒడ్డులను బాగుచేయించుట ఆనవాయితీ. అక్కడ రైతుకు మొదట ఎదురగునది సర్కారు తుమ్మ. ఇది ఈ సీమకు పాతకాపు కాదు. అమెరికా ఖండపు మొక్క. 1870ల చివరి సంవత్సరములలో ఆంగ్లేయ ప్రభుత్వపు అటవీ అధికారులు వంటచెరకు కొరకై దీని విత్తనమును తెప్పించి కడప సీమలో నాటించిరి. పశువులు కాయలను తిని విత్తనములను ఊరూర వెదజల్లినవి. నేల రెండు మూడేండ్లు నాగలిని ఎరుగకున్నచో చాలు, మనిషి చొరరాని కంప పెరుగును. యజమాని పట్టణమునకో పరదేశమునకో పోయెను, పాలివాండ్ర తగవు తెగలేదు, కౌలుదారు దొరకలేదు — కారణమేదైనను నేల మాత్రము ఖాళీగా ఉండదు.

దీనికి పెద్ద నిదర్శనము అమరావతి. 2015 అక్టోబరు 22న రాజధానికి శంకుస్థాపన జరిగిన ఆ ప్రదేశమున 2019 తరువాత నిర్మాణములు ఆగిపోయినవి. ఒకప్పుడు పత్తియు కూరగాయలును పండిన పొలములను కొలది యేండ్లలోనే కంప కప్పివేసినది. 2024 ఆగస్టులో సుమారు 24 వేల ఎకరములలో దానిని తొలగించు పనిని యంత్రములతో చేపట్టవలసి వచ్చినది. ఇంత పెద్ద పనియైనను, అర ఎకరపు గట్టు పనియైనను, ఆ కంపలో అప్పటికే కాపురమున్న జీవులు ఉండుననుట మాత్రము నిశ్చయము.

ఆ కాపురస్థులెవరు? సన్నని కొమ్మను చుట్టి అరచేయి వెడల్పున పట్టు కట్టుకొను చిన్న తేనెటీగలు. పుట్టలలోను చెట్టు తొర్రలలోను ఉండు పుట్టతేనె ఈగలు. మర్రి, రావి వంటి పెద్ద చెట్ల కొమ్మలకు చేటలవలె వ్రేలాడు పట్టులను పెట్టు పెద్ద తేనెటీగలు. ఆకుల చాటున కాగితమువంటి గూడు కట్టు కందిరీగలు. నల్లని ఒంటి నడుమ పసుపుపచ్చని పట్టీ గల పెద్ద కందిరీగలు. వీనిలో ఏదియు మనిషిని వెదకికొని వచ్చి కుట్టదు. పూవుమీద వ్రాలిన ఈగ ప్రక్కన మనిషి నడచినను దానికి పట్టదు. గూడు కదలినపుడే, కొమ్మపై గొడ్డలి వ్రేటు పడినపుడే, దాని నడత మారును.

కుట్టుట యనునది ఆ జీవికి ఎంతటి కార్యమో తెలిసికొనవలెను. కుట్టు ముల్లు ఆడ ఈగలకే ఉండును. తేనెటీగ ముల్లునకు వెనుకకు తిరిగిన సన్నని పండ్లుండుటచే అది మనిషి చర్మములో దిగిన పిదప తిరిగి రాదు. ఈగ లేచిపోవునపుడు ముల్లుతో పాటు విషపు తిత్తియు ఊడిపోవును, ఈగ చచ్చును. ఊడిన తిత్తి మాత్రము కొంతసేపు విషమును లోనికి నెట్టుచునే ఉండును. ఆ చోటినుండి అరటిపండు వాసనను పోలిన వాసన యొకటి వెలువడును. అది తక్కిన ఈగలకు హెచ్చరిక. అవి ఆ మనిషినే గురిపెట్టి వచ్చును. కందిరీగ ముల్లు అట్లు చిక్కుకొనదు గనుక అది పలుమారులు కుట్టగలదు.

తెలుగు పాఠ్యపుస్తకములలో తేనెపట్టులోని ఈగలను రాణి ఈగ, పోతుటీగలు, కూలి ఈగలు అని విభజించి చెప్పుదురు. కుట్టి ప్రాణము విడుచునది కూలి ఈగ. తాను గ్రుడ్లు పెట్టదు, తనకు సంతానము లేదు. ఐనను పట్టును కాచుటకు అది ముందుకు వచ్చును. ఇక గొడ్డలి పట్టి ఆ కంపను కొట్టుచున్నవాడెవడు? అతడును కూలివాడే. పొలము అతనిది కాదు, పండబోవు పత్తి అతనిది కాదు. ఆ చెట్టు మొదట ఎదురెదురుగా నిలిచిన రెండు ప్రాణులును కూలి ప్రాణులే. రాణి పట్టు నడుమ ఉన్నది. ఆసామి గట్టుమీదనో, ఊరిలోనో ఉన్నాడు. దయను గూర్చిన విచారణ ఇచ్చటినుండి మొదలు కావలెను.

ఈ విషయమున లోకములో రెండు మతములున్నవి. మొదటివారు "కుట్టు పురుగు ఏదైనను శత్రువే, గూడు కనబడినచో తగులబెట్టుడు" అందురు. ఈ మతము వినుటకు సులువు; ఫలితము మాత్రము చేటు. కందిరీగ తన పిల్లపురుగులకు మేతగా గొంగళి పురుగులను పట్టి, నమిలి, ముద్దచేసి తీసికొనిపోవును. పత్తిని, మిరపను తొలుచు పచ్చపురుగు, లద్దెపురుగు దానికి ఆహారమే. మిరప పూవు తనంతట తాను ఫలించగలిగినను, ఈగల రాకపోకలవలన కాయ కట్టుట మెరుగగును. ఉపకారిని అపకారిని వేరుచేయక పురుగులన్నిటిని చంపబూనినచో ఏమగునో ఈ మైదానమే చూచినది. 1987-88 లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలపై తెల్లదోమ విరుచుకొనిపడినది. విచక్షణ లేక చల్లిన మందులవలన తెల్లదోమను తిను జీవులు నశించుట దాని కారణములలో ముఖ్యమైనదిగా శాస్త్రజ్ఞులు చెప్పిరి. పంట పోయి, అప్పులు తీరక, ఆ యేడు రైతులు ప్రాణములు తీసికొన్నారు. కీటకముల నాశనము కీటకములతో ఆగలేదు. ఇక వేసవిలో ఎండుకంపకు నిప్పు పెట్టుట మరియొక ప్రమాదము. గాలి తిరిగినచో ఆ నిప్పు ప్రక్క చేనిని, గడ్డివామిని అడిగి రాదు.

రెండవవారు "ఏ జీవిని హింసింపరాదు, గూడు ఉన్న కంపను ముట్టరాదు" అందురు. వీరు తరచుగా సాధువు, తేలు కథను చెప్పుదురు. నీట కొట్టుకొనిపోవు తేలును సాధువు చేతితో తీసెను, అది కుట్టెను, చేయి జారిన దానిని మరల తీసెను, మరల కుట్టెను. కుట్టుట దాని స్వభావమైనచో కాపాడుట తన స్వభావమని ఆయన అనెనట. కథ గొప్పదే. అయితే ఆ కథలో దయ చూపినవాడును, కుట్టించుకొన్నవాడును ఒక్కడే. అందువలననే ఆ దయకు వన్నె వచ్చినది. ఆ సాధువు తాను గట్టుపై కూర్చుండి, కూలికి నాలుగు రూకలిచ్చి "నీవు నీటిలో చేయి పెట్టి తేలును తీయుము" అని పంపియుండినచో, ఆ కథను ఎవరును పిల్లలకు చెప్పియుండరు.

కావున రెండు మతములకును ఒకే లోపము కలదు. రెండును మనిషి ఒక్కడే అని తలంచినవి. ఒకవైపు మనిషి, ఒకవైపు పురుగు అని లెక్కవేసినవి. పొలములో జరుగునది అది కాదు. ఒకవైపు ఆసామి, ఒకవైపు పురుగు, నడుమ కూలివాని దేహము. "చంపవచ్చునా, చంపరాదా?" అను ప్రశ్న రెండవది. "ఎవరి దేహమును అడ్డుపెట్టి ఈ నిర్ణయము చేయుచున్నాము?" అను ప్రశ్న మొదటిది. తన దేహముతో చెల్లించు దయ దయయే. పరుల దేహముతో చెల్లించునది దయ కాదు, పిసినితనము. అట్లే పరుల దేహమును పంపి సాధించు శుభ్రత ఆసామికి గౌరవము కాదు.

ఈ మాట కఠినముగా తోచవచ్చును. కాని కంప కొట్టించు పద్ధతిని గమనించినచో దీని నిజము తెలియును. ఆ పనిని చాలవరకు గుత్తకిత్తురు. ఎకరమునకు ఇంతయని మాట్లాడి, ముఠాను దింపుదురు. గుత్తపనిలో త్వరగా ముగించినవానికే లాభము. ముందుగా చుట్టి చూచుటకు పట్టిన అరగంట కూలివాని సొంత నష్టము. అనగా జాగ్రత్తకు జరిమానా వేయు ఏర్పాటును ఆసామి తెలియకయే చేయుచున్నాడు. యంత్రము వచ్చిన చోట అద్దపు గదిలో కూర్చున్న తోలరికి కొంత రక్షణ ఉన్నది; యంత్రము చుట్టును నడచుచు కొమ్మలను లాగు సహాయకునికి లేదు. యంత్రము మనిషికన్న వేగముగా గూటిని కదుపును. గూటిని చూచు కన్ను మాత్రము దానికి లేదు.

ప్రభుత్వపు పనులలోను ఈ సంగతి కనబడినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద తెలుగునాట కంప తొలగింపు, కాలువల పూడికతీత పనులు విరివిగా జరిగినవి. ఉపాధి కూలీలపై తేనెటీగల దాడి యను వార్త వేసవి పత్రికలలో పలుమారులు వచ్చినది. ఆ చట్టము పని స్థలమున త్రాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెననియు, పనిలో గాయపడినవారికి ఉచిత వైద్యము జరుగవలెననియు విధించినది. చట్టము కూలివాని దేహమునకు కొంత విలువ కట్టినది. అటువంటి షరతు ఏదియు లేని సొంత పొలమున, తానే చట్టమైన ఆసామి తనకు తాను ఏమి విధించుకొనును? ధర్మమునకు పరీక్ష అక్కడనే.

ఈ పరీక్షకు సమాధానము ఈ సీమలోనే, నల్లమల కొండలలో ఉన్నది. ఎర్రగొండపాలెము మొదలు శ్రీశైలము వరకు గల అడవులలో చెంచులు తరతరములుగా తేనె తీయుచున్నారు. కొండ చరియకు వ్రేలాడు పట్టును చేరుటకు ఒకడు తాడు పట్టుకొని లోయలోనికి దిగవలెను. పైన తాడు పట్టువాడు వాని బావమరిది యై యుండవలెనని చెంచులలో ఆచారమని చెప్పుదురు. తాడు జారినచో విధవ యగునది తన తోబుట్టువే గనుక, ఆ చేయి సడలదని వారి నమ్మకము. దిగువాని క్షేమము పైవాని బ్రదుకుతో ముడిపడియుండవలెనని ఆ ఆచారపు అర్థము. మైదానపు వ్యవసాయములో తెగిపోయినది ఆ ముడియే. గట్టుపై నిలిచిన ఆసామి చేతిలో తాడు లేదు. కుట్టించుకొన్నవాడు మరునాడు పనికి రాకున్నచో వేరొకడు వచ్చును. ఆసామి నష్టము సున్న.

శరణుల బోధ ఈ ముడిని తిరిగి వేయుటకు పనికివచ్చును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు దయను ధర్మమునకు పునాదిగా నిలిపెను. సకల ప్రాణులపై దయ వలయునని బోధించెను. అదే బసవేశ్వరుడు చేతి పని చేయువానిని పూజ చేయువానితో సమానముగా కూర్చుండబెట్టెను. ఈ రెండు బోధలను విడదీయరాదు. పురుగుపై దయ, పనివానిపై గౌరవము ఒకే నాణెముతో చెల్లింపవలసిన అప్పులు. నులియ చందయ్య గడ్డి కోసి, త్రాళ్లు పేని, వచ్చిన దానితో దాసోహము సాగించిన శరణుడు. గడ్డి కోయునపుడు ఇష్టలింగము జారిపడినను ఆయన పని మానలేదని కథ. గడ్డి కోయుట అంతటి పవిత్రమైన కాయకమైనచో, కంప కొట్టుట తక్కువ యెట్లగును? ఆ కొట్టువాడు లింగధారి కావచ్చును, కాకపోవచ్చును; ఎండలో కమిలిన యానాది కూలి కావచ్చును. కాయకము కులమును అడుగదు గనుక, కాయకము చేయు దేహమును గౌరవించుటలోను కులమును అడుగరాదు.

మరియొక కథ ఆయ్దక్కి లక్కమ్మది. ఆమె భర్త మారయ్య ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి కాయకము నడుపువాడు. ఒకనాడు ఎప్పటికన్న ఎక్కువ తెచ్చినపుడు, అక్కరకు మించినది తమది కాదని లక్కమ్మ దానిని తిరిగి పంపించెను. బియ్యమునకు చెప్పిన ఆ నీతి నేలకును చెల్లును. దున్నవలసిన మేరకు కంప కొట్టుట రైతు కాయకము. వాగు ఒడ్డున, పనికిరాని మూలన, ఎవరి దారికిని అడ్డురాని మర్రిపై ఉన్న పట్టును గూడ వదలకుండుట కాయకము కాదు, ఆశ. అక్కరకు మించినదానిని విడిచిపెట్టుట వలన ఈగకు ఇల్లు మిగులును, చేనికి కావలి మిగులును.

అట్లని దారిలోనే ఉన్న గూటిని ఏమి చేయవలెను? బడి ప్రక్కన, కళ్లము ప్రక్కన, నిత్యము మనుషులు మసలు చోట గూడు ఉన్నచో దానిని తొలగింపక తప్పదు. ఇందులో శరణ ధర్మమునకు విరోధము లేదు. పిల్లల ప్రాణమును పణముగా పెట్టి కందిరీగను కాచుట దయ కాదని ముందే తేలినది. తేనెటీగలైనచో తేనె తీయుటలో అనుభవము గలవారిని పిలిచి, పొగపెట్టి, తగిన కూలి యిచ్చి తీయింపవలెను. కొంతకాలము ఆగినచో పెద్ద తేనెటీగలు పూత వెంట తామే వలసపోవును. ఆగగలిగిన చోట ఆగుట కూడ ఒక పనియే.

ఇక ఆసామి చేయవలసినవి స్పష్టమే. కూలీలు దిగుటకు ముందునాడు తానే స్వయముగా ఆ నేల చుట్టును నెమ్మదిగా తిరిగి చూడవలెను. ఒక చోటికి ఈగలు పదేపదే వచ్చిపోవుచున్నచో అక్కడ గూడున్నదని అర్థము. చూచిన చోట ఒక గుడ్డ పేలికనైనను కట్టి గుర్తుపెట్టవలెను. చూచుటకు పట్టు కాలమునకు గుత్తలో కూలి కలుపవలెను. ఇదివరలో ఈగ కుట్టినపుడు ఒళ్లు దద్దురులెత్తినవారు, ఊపిరి ఆడనివారు ముఠాలో ఎవరైన ఉన్నారేమో అడిగి, వారికి వేరు పని చూపవలెను. ఈగలు లేచినపుడు నిలబడి చేతులు విసరక, తల, ముఖము కప్పుకొని దూరముగా పరుగెత్తవలెనని ముందే చెప్పవలెను. ముల్లు దిగినచో గోటితోనైనను వెంటనే తీయవలెను. ఎట్లు తీసిరనుదానికన్న ఎంత త్వరగా తీసిరనునదే ముఖ్యము. సున్నము పూయుటతో సరిపెట్టరాదు. పెక్కు ఈగలు కుట్టినను, ఒక్కటియే కుట్టి ఊపిరి బరువైనను, ముఖము వాచినను, కళ్లు తిరిగినను క్షణమాలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. అక్కడ సకాలమున వేయు అడ్రినలిన్ సూది ప్రాణము నిలుపును. 2005 నుండి 108 వాహనము పిలిచిన వచ్చుచున్నది. ఆ దినపు కూలిని, మంచాన పడిన దినముల కూలిని కూడ ఆసామియే ఇయ్యవలెను. ఇది దానము కాదు. అతని పొలమునకు పడిన ఖర్చు.

ఈ చెప్పినవానిలో ఏదియు తపస్సు కాదు. ఒక పూట నడక, ఒక గుడ్డ పేలిక, నాలుగు ప్రశ్నలు, కొంత సొమ్ము. ఐనను ఇవి జరుగని చోట్లే యెక్కువ. కారణము క్రూరత్వము కాదు, చూడకపోవుట. గట్టుపై నిలిచినవానికి కంపలోని గూడు కనబడదు, కొట్టువాని వీపును కనబడదు. దయ యనగా మనసు కరుగుట అని పలువురు భావింతురు. అంతకుముందు దయ యనగా దగ్గరకు పోయి చూచుట. చూచినవాడు ఈగ యింటిని అనవసరముగా కూల్చడు. కూలివానిని తెలిసి తెలిసి ముల్లులలోనికి పంపడు.

తుట్టెను కదిపినదెవరని లోకము అడుగును. కదుపుమన్నవాడు ఆ సమయమున ఎంత దూరమున నిలిచియుండెనని ధర్మము అడుగును. ఏరువాక ముంగిట కంప కొట్టింపబోవు ప్రతి గృహస్థుడును, మఠమునకు చెందిన మాన్యమును బాగుచేయింపబోవు ప్రతి అధికారియు, గొడ్డలి పైకెత్తుటకు ముందే ఆ ప్రశ్నకు సమాధానము సిద్ధపరచుకొందురు గాక.